కార్డు పెట్టగానే కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది?

విద్యుత్ సరఫరా లోపాలను కనిపెట్టే పద్ధతి



కంప్యూటర్ చేత కొత్త పని చేయించుకోవాలంటే ప్రతిసారీ కొత్త కంప్యూటరే కొననక్కర్లేదు. మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఒక ఎక్స్‌పాన్షన్ కార్డు అమరిస్తే చాలు. బొమ్మలు వేగంగా చూపడానికి గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్‌లో కలపడానికి లాన్ కార్డు, శబ్దం కోసం సౌండ్ కార్డు, ఇలా ఎన్నో రకాలున్నాయి. కార్డు బిగించడం పది నిమిషాల పని. అయితే ఆ పది నిమిషాల తర్వాత చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. నిన్నటిదాకా చక్కగా నడిచిన కంప్యూటర్ ఆన్ కాదు. లేదా ఆన్ అయి, పని మధ్యలో తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది.

అప్పుడు మనకు మొదట తోచే మాట "కార్డు చెడిపోయింది" అని. దాన్ని మార్చి ఇంకొకటి తెస్తాం. అదీ పనిచేయదు. తర్వాత మదర్‌బోర్డును అనుమానిస్తాం. నిజానికి చాలా సందర్భాల్లో రెండూ బాగానే ఉంటాయి. తప్పంతా వాటికి అందే విద్యుత్తులో ఉంటుంది. ఈ పాఠంలో ఆ తప్పును ఎలా కనిపెట్టాలో, కార్డు కొనకముందే దాన్ని ఎలా ఊహించాలో తెలుసుకుందాం. మీరు చదివిన ఓం నియమం, సామర్థ్యం, కెపాసిటర్ పాఠాలే ఇందుకు సరిపోతాయి.

పట్నంలో ఉన్నవారికి ఇదంతా అంత ముఖ్యం అనిపించకపోవచ్చు. వీధి చివర రిపేరు షాపు ఉంటుంది. బచేలి సంగతి తీసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో బైలడిల కొండల కింద ఉన్న గనుల ఊరు అది. అక్కడి ఇనుప ఖనిజాన్ని జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి తీస్తుంది. పక్కనున్న కిరండూల్‌లో 1968లోనూ, బచేలిలో 1977లోనూ గనులు పని మొదలుపెట్టాయి. ఖనిజం కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. అదే దారిన పనుల కోసం వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అలాంటి ఊళ్లో కంప్యూటర్ మొరాయిస్తే దాన్ని మూట కట్టుకుని సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న జగదల్‌పూర్‌కు వెళ్లాలి. తీరా అక్కడ, మరో లైను మీద, కార్డు చక్కగా పనిచేస్తుంది. "ఇందులో ఏ లోపమూ లేదు" అంటారు. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే కథ. డబ్బు, రెండు రోజుల సమయం పోతాయి. హార్డ్ డిస్క్ మీద రాత జరుగుతుండగా కరెంటు తెగితే అందులోని ప్రాజెక్టు రిపోర్టు కూడా పోవచ్చు. కాబట్టి లోపం ఎక్కడుందో ఇంటి దగ్గరే తేల్చుకోగలగడం నిజంగా అవసరమైన విద్య.

విద్యుత్తు ఏ దారిన వస్తుంది?

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దాని పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్‌లు. కంప్యూటర్‌లోని చిప్‌లకు కావలసింది తక్కువ వోల్టేజి గల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పును చేసేది కేబినెట్‌లో వెనకవైపు ఉండే ఇనుప పెట్టె. దాన్ని మనం ఎస్.ఎం.పి.ఎస్. అంటాం. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణం ఆధారంగానే నేటి డెస్క్‌టాప్ సప్లైలు చాలావరకు తయారవుతున్నాయి.

ఈ పెట్టె నుంచి రంగురంగుల తీగలు వస్తాయి. రంగును బట్టి వోల్టేజి తెలుస్తుంది. పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నారింజ 3.3 వోల్టులు. నల్ల తీగలన్నీ గ్రౌండ్. ఊదా తీగలో ఉండే 5 వోల్టులు కొంచెం ప్రత్యేకం. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఈ తీగలో వోల్టేజి ఉంటుంది. దీన్నే స్టాండ్‌బై సరఫరా అంటారు. బూడిద రంగు తీగ ఒక సంకేతాన్ని మోస్తుంది. వోల్టేజిలన్నీ స్థిరపడ్డాయని సప్లై నమ్మిన తర్వాత, అంటే ఆన్ చేసిన 100 నుంచి 500 మిల్లీ సెకన్లలో, "అంతా బాగుంది" అని ఈ తీగ ద్వారా మదర్‌బోర్డుకు చెబుతుంది. ఆ సంకేతం వచ్చాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. మధ్యలో సంకేతం పోతే మదర్‌బోర్డు అంతా ఆపి మొదటికి వస్తుంది. ఆట ఆడుతుండగా కంప్యూటర్ హఠాత్తుగా రీస్టార్ట్ కావడానికి ఇదొక ముఖ్య కారణం. కొన్ని కొత్త సప్లైలలో తీగలన్నీ నల్లగానే ఉంటాయి. అప్పుడు రంగును కాక కనెక్టర్‌లో తీగ స్థానాన్ని చూసి గుర్తించాలి.

కార్డుకు విద్యుత్తు ఎక్కడి నుంచి అందుతుంది? మొదటిది స్లాట్. పాత పి.సి.ఐ. స్లాట్‌లో పెట్టే కార్డు గరిష్ఠంగా 25 వాట్లు వాడుకోవచ్చు. ఇప్పటి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ పొడవాటి స్లాట్ నుంచి గ్రాఫిక్స్ కార్డు 75 వాట్ల దాకా తీసుకోవచ్చు. అందులో 12 వోల్టుల వైపు 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు. మిగిలింది 3.3 వోల్టుల వైపు. చిన్న స్లాట్‌లో పెట్టే కార్డులకు 10 నుంచి 25 వాట్లే పరిమితి. అంతకన్నా ఎక్కువ కావలసిన కార్డులకు సప్లై నుంచి నేరుగా తీగ ఇవ్వాలి. ఆరు పిన్నుల కనెక్టర్ ద్వారా 75 వాట్లు, ఎనిమిది పిన్నుల కనెక్టర్ ద్వారా 150 వాట్లు అందుతాయి. 2022 తర్వాత వచ్చిన పెద్ద గ్రాఫిక్స్ కార్డుల్లో ఒకే కనెక్టర్ ద్వారా 600 వాట్ల దాకా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

ఇంజను ఒకటే, వ్యాగన్లు పెరిగాయి

బచేలి స్టేషన్‌లో ఖనిజం నింపుకున్న గూడ్సు బండిని చూసినవారికి ఒక విషయం తెలుసు. అరకు, అనంతగిరి కొండల దారిలో అంత బరువును ఒక్క ఇంజను లాగలేదు. రెండు, మూడు ఇంజన్లు తగిలిస్తారు. బండికి వ్యాగన్లు కలిపేముందు, ఉన్న ఇంజన్లు ఎంత బరువు లాగగలవో లెక్క చూస్తారు. కంప్యూటర్‌లో కార్డు పెట్టడమంటే బండికి వ్యాగన్ కలపడమే. లెక్క చూడడం మాత్రం మనం మరచిపోతాం.

ఆ లెక్క ఇప్పుడు చేద్దాం. సప్లై పెట్టె పక్కన ఒక లేబుల్ ఉంటుంది. దాని మీద పెద్ద అక్షరాలతో "300 వాట్లు" అని ఉందనుకోండి. ఇది అన్ని వోల్టేజిల మొత్తం. మనకు కావలసింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న పట్టిక. అందులో 12 వోల్టుల ఎదురుగా 15 ఆంపియర్లు అని ఉందనుకుందాం.

సామర్థ్యం = వోల్టేజి × విద్యుత్ ప్రవాహం

కాబట్టి 12 × 15 = 180 వాట్లు. అంటే మొత్తం 300 వాట్లలో 12 వోల్టుల దారిన దొరికేది 180 మాత్రమే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఈ దారి మీదే ఆధారపడతాయి. మిగిలిన దారుల్లో ఎంత మిగులు ఉన్నా వాటికి ఉపయోగపడదు.

ఇప్పుడు ఖర్చు రాయండి. ప్రాసెసర్ 65 వాట్లది. మదర్‌బోర్డు మీద వోల్టేజిని తగ్గించే భాగంలో కొంత నష్టం పోతుంది కాబట్టి సప్లై నుంచి సుమారు 75 వాట్లు, అంటే 6.25 ఆంపియర్లు తీసుకుంటుంది. హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 2 ఆంపియర్లు, డీవీడీ డ్రైవ్ 1 ఆంపియర్, రెండు ఫ్యాన్లు కలిపి 0.4 ఆంపియర్లు. మొత్తం 9.65 ఆంపియర్లు. పరిమితి 15 కనుక కంప్యూటర్ హాయిగా నడుస్తోంది.

దీనికి స్లాట్ నుంచి 75 వాట్లు తీసుకునే గ్రాఫిక్స్ కార్డు కలపండి. 12 వోల్టుల వైపు 5.5 ఆంపియర్లు పెరుగుతాయి. మొత్తం 15.15. పరిమితి దాటింది! హార్డ్ డిస్క్ పూర్తి వేగం అందుకున్నాక దానికి అర ఆంపియరు చాలు. డీవీడీ డ్రైవ్ ఖాళీగా ఉంటే దాని ఖర్చు దాదాపు ఉండదు. అప్పుడు మొత్తం 12.65కు తగ్గుతుంది. అన్నీ ఒకే క్షణంలో గరిష్ఠంగా లాగకపోవచ్చు కూడా. అందుకే ఇలాంటి కంప్యూటర్ ఒకసారి ఆన్ అవుతుంది, ఒకసారి కాదు. ఉదయం మొరాయించి రెండో ప్రయత్నంలో లేస్తుంది. "అప్పుడప్పుడు వచ్చే జబ్బు" అని మనం విసుక్కునే దాని వెనక ఇంత సరళమైన కూడిక ఉంది.

ఒక నియమం గుర్తుంచుకోండి. నిరంతరం వాడే ప్రవాహం లేబుల్ మీద ఉన్నదానిలో 70 నుంచి 80 శాతం మించకూడదు. మన ఉదాహరణలో 12.65 అంటే 84 శాతం. అంచు దాటినట్టే. సప్లై పాతబడినకొద్దీ, వేడెక్కినకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. బైలడిల ఎర్ర దుమ్ము ఫ్యాన్ రెక్కలకు, గాలి రంధ్రాలకు పట్టుకుంటే లోపలి వేడి బయటికి పోదు. దుమ్ము దులపడం కూడా మరమ్మతులో భాగమే.

వోల్టేజి తగ్గితే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. ఒకే కంప్యూటర్, ఒకే కార్డు. షాపులో నడుస్తుంది, ఇంట్లో నడవదు. ఎందుకు?

ఫిలమెంటు బల్బుకు వోల్టేజి తగ్గిస్తే ప్రవాహం తగ్గి మసకగా వెలుగుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. అలా కాదు. కంప్యూటర్‌కు ఇవ్వాల్సిన వాట్లు అది ఇచ్చి తీరాలి. కాబట్టి లైనులో వోల్టేజి తగ్గితే అది ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. ఎక్కువ ప్రవాహం అంటే లోపల ఎక్కువ వేడి. ఇది మొదటి నష్టం.

రెండో నష్టం ఇంకా ముఖ్యమైనది. సప్లై లోపల పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. లైనులో కరెంటు రెప్పపాటు పోయినప్పుడు వాటిలో నిల్వ ఉన్న శక్తే కంప్యూటర్‌ను నిలబెడుతుంది. అలా ఎంతసేపు నిలబెట్టగలదో లెక్క వేద్దాం. కెపాసిటర్‌లో శక్తి = ½ × కెపాసిటీ × వోల్టేజి వర్గం. పాత తరహా సప్లైలో 470 మైక్రో ఫారడ్‌ల కెపాసిటర్లు రెండు శ్రేణిలో ఉన్నాయనుకోండి. ఫలిత కెపాసిటీ 235 మైక్రో ఫారడ్‌లు. లైనులో 230 వోల్టులున్నప్పుడు శిఖర విలువ 230 × 1.414 = 325 వోల్టులు. కెపాసిటర్ అంతవరకు నిండుతుంది. అది 200 వోల్టులకు పడిపోతే సప్లై ఇక పనిచేయదు అనుకుందాం. అప్పుడు ఉపయోగపడే శక్తి 325 వర్గం నుంచి 200 వర్గం తీసివేసి, కెపాసిటీలో సగంతో గుణించగా సుమారు 7.7 జౌళ్లు.

కార్డు పెట్టకముందు కంప్యూటర్ లైను నుంచి 125 వాట్లు తీసుకుంటోంది. ఒక వాట్ అంటే సెకనుకు ఒక జౌలు. 7.7ను 125తో భాగిస్తే 62 మిల్లీ సెకన్లు. కార్డు పెట్టాక ఖర్చు సుమారు 220 వాట్లయింది. ఇప్పుడు నిలబడేది 35 మిల్లీ సెకన్లు.

అదే ఇంట్లో సాయంత్రం వోల్టేజి 180కి పడిపోయిందనుకోండి. శిఖర విలువ 255 వోల్టులు. ఉపయోగపడే శక్తి 2.9 జౌళ్లే. కార్డు లేనప్పుడు 23 మిల్లీ సెకన్లు నిలిచేది, కార్డు ఉంటే 13 మిల్లీ సెకన్లు. సప్లై పాతదై కెపాసిటర్లు ఎండి, వాటి కెపాసిటీ 30 శాతం తగ్గి ఉంటే 9 మిల్లీ సెకన్లు మాత్రమే. మన లైనులో ఒక అర్ధ చక్రానికి పట్టే కాలమే 10 మిల్లీ సెకన్లు. అంటే కరెంటు ఒక్క అర్ధ చక్రం తప్పినా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. పక్కింట్లో నీళ్ల మోటారు ఆన్ చేసినప్పుడు వచ్చే చిన్న కుదుపు చాలు.

62 నుంచి 9కి! ఇందులో ఏ ఒక్క భాగమూ చెడిపోలేదని గమనించండి. కార్డు మంచిదే. మదర్‌బోర్డు మంచిదే. సప్లై పాతదే గానీ చచ్చిపోలేదు. లైను కొంచెం బలహీనం, అంతే. మూడు చిన్న బలహీనతలు కలిసి ఒక పెద్ద లోపంలా కనిపించాయి. నిన్నటిదాకా ఉన్న మిగులును కార్డు తినేసింది. షాపులో లైను బాగుంది కాబట్టి అక్కడ లోపం బయటపడలేదు.

యాక్టివ్ పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ అనే ఏర్పాటున్న కొత్త సప్లైలు లోపలి కెపాసిటర్‌ను సుమారు 380 వోల్టుల దగ్గర నిలబెడతాయి. లైను వోల్టేజి కొంత తగ్గినా వాటి నిల్వ తగ్గదు. వోల్టేజి ఒడుదొడుకులున్న ఊళ్లలో ఈ రకం కొనడం మేలు.

లోపాన్ని కనిపెట్టే మెట్లు

ఒక నోటు పుస్తకం, ఒక స్క్రూడ్రైవర్, ఒక డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చాలు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. చేసినదాన్ని, దాని ఫలితాన్ని రాసుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు.

మొదటి మెట్టు: ప్లగ్గు పీకండి. కంప్యూటర్‌ను ఆఫ్ చేస్తే చాలదు. స్టాండ్‌బై 5 వోల్టులు మదర్‌బోర్డు మీద ఉంటాయని చెప్పుకున్నాం. ఆ స్థితిలో కార్డు దోపితే రెండూ దెబ్బతినవచ్చు. కొన్ని ఇళ్లలో గోడ స్విచ్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్ తీగలో ఉంటుంది. కాబట్టి స్విచ్‌ను నమ్మకుండా ప్లగ్గునే తీయాలి. తర్వాత పవర్ బటన్‌ను ఒకసారి నొక్కితే మిగిలిన ఛార్జ్ పోతుంది. ఒక నిమిషం ఆగండి. కార్డును ముట్టుకునే ముందు, పని చేస్తున్నంతసేపు మధ్యమధ్యలో, రంగు లేని కేబినెట్ లోహాన్ని తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు కార్డుకు కాక కేబినెట్‌కు పోతుంది. వానలు లేని పొడి రోజుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం.

రెండో మెట్టు: కళ్లతో చూడండి. కార్డు స్లాట్‌లో రెండు చివర్లా సమానంగా దిగిందా? వెనకవైపు స్క్రూ బిగించినప్పుడు కార్డు పైకి లేచిందా? కార్డుకు విడిగా కనెక్టర్ ఉంటే దానికి తీగ ఇచ్చారా? మదర్‌బోర్డు కింద స్క్రూ ఏదైనా పడిపోయిందా? ఇక్కడ మూడు హెచ్చరికలు. ఎనిమిది పిన్నుల ప్రాసెసర్ తీగ, ఎనిమిది పిన్నుల గ్రాఫిక్స్ తీగ చూడడానికి ఒకలాగే ఉంటాయి. వాటిలో 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. బలవంతంగా దోపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. రెండోది, విడదీయగల తీగలున్న సప్లైలలో ఒక తయారీదారు తీగను మరొకరి సప్లైకి వాడకూడదు. మూడోది, హార్డ్ డిస్క్‌కు ఇచ్చే సాటా కనెక్టర్ 12 వోల్టుల వైపు 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు మాత్రమే మోయగలదు. దాన్ని ఆరు పిన్నుల కనెక్టర్‌గా మార్చే చవక తీగ పెట్టి 75 వాట్లు లాగితే ప్లాస్టిక్ కరిగి మంటలు రావచ్చు.

మూడో మెట్టు: లక్షణాన్ని చదవండి. బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతే సప్లైలోని రక్షణ ఏర్పాటు పనిచేసిందని అర్థం. షార్ట్ సర్క్యూట్‌ను గాని, మితిమీరిన ప్రవాహాన్ని గాని అనుమానించాలి. ఇలా ఆగిన సప్లై ప్లగ్గు తీసి అర నిమిషం ఆగితే తప్ప మళ్లీ లేవకపోవచ్చు. ఫ్యాన్లు తిరుగుతూ తెర మీద బొమ్మ లేకపోతే కార్డు సరిగా దిగలేదేమో, విడి తీగ మరిచారేమో చూడండి. మామూలు పనుల్లో బాగుండి, ఆటలు ఆడినప్పుడో వీడియో తయారుచేసినప్పుడో రీస్టార్ట్ అయితే 12 వోల్టుల దారి చాలడం లేదని అనుమానించాలి. మోటారో ఫ్రిజ్జో ఆన్ అయినప్పుడే ఆగిపోతే లోపం లైనులోనే ఉంది. తెర మీద అక్షరాలతో తప్పు సందేశం వచ్చి ప్రతిసారీ ఒకే ప్రోగ్రామ్ దగ్గర ఆగితే మాత్రం అది బహుశా డ్రైవర్ సమస్య. సప్లైని నిందించకండి.

నాలుగో మెట్టు: కార్డు తీసి చూడండి. తీసేశాక కంప్యూటర్ మునుపటిలా నడుస్తోందా? నడిస్తే, కార్డు మళ్లీ పెట్టి డీవీడీ డ్రైవ్, అదనపు హార్డ్ డిస్క్ వంటి వాటి తీగలు విప్పండి. ప్రతిసారీ ప్లగ్గు తీశాకే సుమా! ఇప్పుడు కార్డుతో నడిస్తే కార్డు మంచిదే, సప్లై చాలడం లేదు. ఒక్క పైసా ఖర్చు లేకుండా తేలిపోయింది. ఇంత తేలిక చేసినా నడవకపోతే కార్డును మరో కంప్యూటర్‌లో పెట్టి చూడాలి.

ఐదో మెట్టు: కొలవండి. మల్టీమీటర్‌ను ఏకముఖ వోల్టేజి 20 స్థానంలో ఉంచండి. ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో నల్ల తీగకు నల్ల ప్రోబ్, పసుపు తీగకు ఎర్ర ప్రోబ్ తాకించండి. రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. ప్రమాణం ప్రకారం 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25, 3.3 వోల్టుల తీగలో 3.14 నుంచి 3.47 వరకు సరైన విలువలే. మూడు కొలతలు రాసుకోండి: కార్డు లేకుండా, కార్డుతో ఖాళీగా, కార్డుతో బాగా పని చేయిస్తూ. మొదట 12.1, తర్వాత 11.8, చివరకు 11.3 వచ్చిందంటే సప్లై అలసిపోయిందన్నమాట. అయితే మల్టీమీటర్ నిదానంగా చూసే పరికరం. మిల్లీ సెకన్ల కుదుపు దానికి కనపడదు. కాబట్టి తప్పు విలువ వస్తే సప్లై దోషి అని చెప్పవచ్చు. సరైన విలువ వచ్చినంత మాత్రాన నిర్దోషి అని చెప్పలేం. పచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఫ్యాన్ తిరిగిందని "సప్లై బాగుంది" అనేవారూ ఉన్నారు. బరువు లేకుండా ఇంజను కదలడం వేరు, బరువు లాగడం వేరు.

ఆరో మెట్టు: లైనును పరీక్షించండి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేత గాని, అనుభవం ఉన్న పెద్దల చేత గాని చేయించాలి. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు ఇళ్ల సరఫరాకు 6 శాతం హెచ్చుతగ్గులను అనుమతించాయి. 230కి ఆ లెక్కన 216 నుంచి 244 వోల్టులు. అంతకన్నా బాగా తక్కువైతే స్టెబిలైజర్ అవసరం. వదులైన ప్లగ్గు, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగైదు పరికరాలు తగిలించడం కూడా వోల్టేజిని తగ్గిస్తాయి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా చూపించుకోండి. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్తింగ్ లేదన్నమాటే.

యూపీఎస్‌ను కూడా లెక్కలో చేర్చండి. దాని మీద 600 వోల్ట్ ఆంపియర్లు అని ఉంటే అన్ని వాట్లు ఇస్తుందని కాదు. పవర్ ఫ్యాక్టర్ 0.6 అయితే ఇచ్చేది 360 వాట్లే. పైగా సాధారణ యూపీఎస్ లైను నుంచి బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీ సెకన్లు, కొన్నిటిలో 10 దాకా పడుతుంది. పైన మనం లెక్క వేసిన పాత సప్లై 9 మిల్లీ సెకన్లే నిలబడుతుంది. యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఎందుకు ఆగిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

చేయకూడని పనులు

సప్లై పెట్టెను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. 300 వోల్టులకు పైగా నిండిన కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తర్వాత కూడా ప్రాణాపాయం కలిగించగలవు. లోపలి మరమ్మతు తెలిసిన నిపుణులకే వదలాలి. కొన్ని పాత సప్లైల వెనక 115, 230 అని రాసి ఒక ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 మీదే ఉండాలి. 115 మీద ఉంచి ఆన్ చేస్తే సప్లై కాలిపోతుంది. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు కంప్యూటర్ ప్లగ్గు, ఫోను లేదా నెట్‌వర్క్ తీగ రెండూ తీసేయండి. మెరుపు తాకిడికి స్టెబిలైజర్ గాని, యూపీఎస్ గాని పూర్తి రక్షణ ఇవ్వలేవు.

సారాంశం

కార్డు పెట్టాక కంప్యూటర్ ఆగితే మొదట అడగవలసిన ప్రశ్న "ఏది చెడిపోయింది?" కాదు, "మిగులు ఎంత ఉంది?" అన్నది. సప్లై లేబుల్ మీద మొత్తం వాట్లు కాక 12 వోల్టుల దారిలో ఆంపియర్లు చూడాలి. లైను వోల్టేజి తగ్గినా, సప్లై పాతబడినా మిగులు తరిగిపోతుంది. ఒక్కొక్క మార్పు చేస్తూ, కొలుస్తూ, రాసుకుంటూ పోతే లోపం ఎక్కడుందో తప్పక తెలుస్తుంది. అప్పటికీ జగదల్‌పూర్ వెళ్లాల్సి వస్తే, ఆ నోటు పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఏ కొలత ఎప్పుడు తీశారో చూస్తే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

అభ్యాసం

1. ఒక సప్లై లేబుల్ మీద 12 వోల్టుల ఎదురుగా 18 ఆంపియర్లు అని ఉంది. ఇప్పటికే 9 ఆంపియర్లు ఖర్చవుతున్నాయి. 12 వోల్టుల దారిలో 120 వాట్లు తీసుకునే కార్డును దీనికి కలపవచ్చా? 80 శాతం నియమాన్ని కూడా పాటించాలంటే ఎన్ని వాట్ల కార్డు వరకు పెట్టవచ్చు?

2. పై పాఠంలోని కెపాసిటర్ లెక్కను లైను వోల్టేజి 200 ఉన్నప్పుడు చేసి చూడండి. కార్డుతో, కార్డు లేకుండా ఎన్ని మిల్లీ సెకన్లు నిలబడుతుంది?

3. మీ ఇంట్లో లేదా కళాశాలలో ఉన్న ఒక కంప్యూటర్ సప్లై లేబుల్‌ను చదివి, ఒక్కొక్క వోల్టేజి దారిలో ఎన్ని వాట్లు దొరుకుతాయో పట్టికగా రాయండి. కేబినెట్ తెరవాల్సి వస్తే ముందుగా ఏం చేయాలో మీకు తెలుసు.